ఎవరి మీద రోషం?

మొన్న మా కేంద్రంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు, రిటైరైన నన్ను చూడ్డానికి ఇంటికి వచ్చారు. "ఈ ఉద్యోగానికి అన్నిటికంటే ఏం కావాలి మేడమ్?" అని అడిగారు. ఓర్పు కావాలమ్మా అని చెప్పి, టీ ఇచ్చి, గుమ్మందాకా వెళ్ళి సాగనంపి వచ్చాను. తలుపు వేసుకున్నాక సిగ్గేసింది. ఓర్పు నాది కాదు, కేంద్రంలో నా పక్క గదిలో కూర్చునే సరళది. నాకున్నది అసూయ. ఇరవై ఏళ్ళకు పైగా కుటుంబ సలహా కేంద్రంలో కౌన్సెలరుగా కూర్చుని మొగుడూ పెళ్ళాల తగవులు, అత్తా కోడళ్ళ తగవులు తీర్చిన మనిషి పక్క గదిని చూసి కుళ్ళుకుందంటే వినడానికి బాగుండదు. అందుకే ఇలాంటివి ఎవరూ రాయరు.

ప్రమోషన్ల గురించి, రిజిస్టర్ల గురించి నేను రాయను. అవి ఎలాగూ కొత్తగా చేరిన మీకు ట్రైనింగులో చెబుతారు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దానికి ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బెంచీ

మా కేంద్రం కృష్ణానగర్ సందుల్లో ఒక టైలరింగ్ షాపు పైన ఉండేది. మెట్లెక్కగానే పొడుగు బెంచీ, దానికి ఎదురుగా రెండు గదులు. ఎడమది నాది, కుడిది సరళది. వచ్చేవాళ్ళలో జూనియర్ ఆర్టిస్టులు, డ్యాన్సర్లు, లైట్‌మన్లు, డ్రైవర్లు, వాళ్ళ ఇంటివాళ్ళే ఎక్కువ. ఫిలింనగర్ కొండ మీది వాళ్ళకీ జూబ్లీహిల్స్ వాళ్ళకీ తగవులు తక్కువేం కాదు. కాకపోతే వాళ్ళు మెట్లెక్కరు, కారు పంపించి మనల్నే రమ్మంటారు.

నేను ఎమ్మెస్‌డబ్ల్యూ చదివాను. మాది తెనాలి వైపు పల్లె. మా నాన్న ఉపదేశి, అంటే పాస్టరుగారు రాని ఆదివారాల్లో గుడిలో ఆరాధన నడిపించే మనిషి. బైబిలు వాక్యం నాకు ఉగ్గుపాలతో వచ్చింది. సరళ ఇంటర్ దాకా చదివి, రహమత్ నగర్‌లో అంగన్‌వాడీలో పని చేసి, మా దగ్గరికి ఫైళ్ళు సర్దడానికి వచ్చింది. ఒకరోజు మనుషులు తక్కువై మా ఇన్‌ఛార్జి రామ్మోహన్ గారు ఆమెను ఒక కేసు చూడమన్నారు. ఇక ఆ కుర్చీలోంచి ఆమెను లేపడం ఎవరి తరమూ కాలేదు. రూపాయి బిళ్ళంత బొట్టు, శనివారం ఒక్కపొద్దు, ఆషాఢం వస్తే నెత్తిన బోనం. భక్తిలో నాకు ఏ మాత్రం తీసిపోదు. ఈ సంగతి ఇక్కడే గుర్తు పెట్టుకోండి, లేకపోతే భక్తురాలైన కృప మేడమ్, అంటే నేను, ఓడిపోయి భక్తి లేని మనిషి గెలిచిందని మీరు తేలిగ్గా అనేసుకుంటారు.

నా గది ఖాళీగా ఉన్నా బెంచీ మీది వాళ్ళు లేచేవారు కాదు. నేనే గుమ్మం దాకా వచ్చి "రండమ్మా" అంటే, "పర్లేదండి, సరళక్క కోసం ఆగుతాం" అనేవారు. పర్లేదట! ఆ మాట విన్నప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కేది. ఆమె గదిలోంచి గంట గడిచినా ఏమీ వినిపించేది కాదు. ఉండుండి ఒక "ఊఁ". ఇంకాసేపటికి ఒక "అటెన్క?" తరువాత ఏమైంది అని అడగడం, అంతే. ఈ రెండు ముక్కలకేనా జనం ఇలా ఎగబడేది అని పళ్ళు నూరుకునేదాన్ని. నా గదిలోంచి మాత్రం నా గొంతు కింద టైలరు దాకా వినిపించేదట. ఆయనే ఒకసారి నవ్వుతూ చెప్పాడు.

రామ్మోహన్ గారికి మాత్రం నేనంటే గురి. మంచాయనే, కానీ గడియారం మనిషి. ఆలస్యం అమృతం విషం అన్నది ఆయన ఊతపదం. "కృప మేడమ్ దగ్గర కేసు మూడు సిట్టింగుల్లో తేలుతుందండీ. సరళమ్మ దగ్గర మూడో సిట్టింగుకి వాళ్ళింకా పెళ్ళిచూపుల కథలోనే ఉంటారు" అని అందరి ముందూ అనేవారు. సరళ కూడా నవ్వేది. నేను మురిసిపోయేదాన్ని. త్వరగా తేల్చేశావని మెచ్చుకునే పై అధికారి మీకు దొరికితే మాత్రం జాగ్రత్త పడండి. తిట్టేవాడి వల్ల ఇంత నష్టం ఉండదు.

మన దేవుడు కాని చోట

ఒకసారి జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారి ఇంటి నుంచి పిలుపు వచ్చింది. ఇద్దరు కోడళ్ళు. కార్తీక మాసంలో తులసికోట దగ్గర దీపం ఎవరు పెట్టాలన్న దగ్గర మొదలై, చిన్నకోడలు పుట్టింటికి వెళ్ళిపోయేదాకా వచ్చింది. రామ్మోహన్ గారు సరళను వెళ్ళమన్నారు. సరళ తిన్నగా నా గదికి వచ్చింది.

"మేడమ్, నేను పోను. దీపం ముచ్చట అంటే నాకు అన్నీ తెల్సు అనిపిస్తది. నోరు ఊకోదు. మీరు పోండ్రి, మీరైతే మంచిగ వింటరు."

పెద్దింటికి వెళ్ళడానికి భయపడిందనుకున్నాను. లోలోపల సంతోషించాను కూడా. వెళ్ళి రెండున్నర గంటలు కూర్చున్నాను. దీపం ఎవరు పెడితే నాకేమిటి? నాకు తెలియదు కాబట్టి అడిగాను, చెప్పారు, విన్నాను. రెండో గంటలో దీపం సంగతి అందరూ మరిచిపోయారు. మామగారికి ఆపరేషన్ అయినరోజు ఇంట్లో ఎవరూ చిన్నకోడలికి ఫోన్ చేయలేదన్న మాట అప్పుడు బయటికి వచ్చింది. పెద్దకోడలు ఏడ్చింది, చిన్నకోడలు తిరిగి వచ్చింది. అత్తగారు నాకు జాకెట్టు ముక్క పెట్టి, "మీరు మా మతం కాకపోయినా ఎంత ఓపికండీ" అన్నారు.

మతం కాకపోవడం వల్లే ఆ ఓపిక అని అప్పుడు నాకు తట్టలేదు. నా ప్రతిభ అనుకున్నాను. సరళకు మాత్రం తన నోరు ఎక్కడ ఆగదో ముందే తెలుసు. అలాంటి కేసులు ఆమె నాకు చాలా పంపించింది. నేను ఆమెకు ఒక్కటి కూడా పంపలేదు.

నలభై నిమిషాల రాజీ

బోనాలకు సరళ సెలవులో ఉన్న రోజుల్లో కళావతి వచ్చింది. బెంచీ మీద కూర్చుని కుడి గదికి వేసిన తాళం కేసి చూస్తోంది.

"సరళక్క లేరాండీ?"

"లేదు. నేనున్నాను" అన్నాను, ఎడమ గది తలుపు బార్లా తీసి.

కళ పాలకొల్లు వైపు అమ్మాయి. ముప్ఫై లోపు వయసు. జూనియర్ ఆర్టిస్టు. భర్త శ్రీను లైట్‌మన్. ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. కృష్ణానగర్‌లోనే ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. ఏడాది క్రితం ఇద్దరూ రహమత్ నగర్‌లో ఒక ప్రార్థన సహవాసానికి వెళ్ళడం మొదలుపెట్టి, బాప్తిస్మం తీసుకున్నారు. శ్రీను స్తెఫను అయ్యాడు. కళ బొట్టు తీసేసింది.

"బయట అసలు పెట్టుకోనండి. సెట్లో సీనుకి కావాలంటే పెట్టుకుంటాను, ప్యాకప్ చెప్పగానే తుడిచేస్తాను. ఇన్నాళ్ళూ ఆయన ఏమీ అనలేదండి. రెండు నెలల నుంచీ సెట్లో కూడా పెట్టుకోవద్దంటున్నారు. ఇప్పుడేమో..." అని ఆగింది. "ఆరేళ్ళ నుంచి గుంపులో నడుస్తున్నానండి. పెళ్ళి సీన్లలో అక్షింతలు వేశాను, శవం వెనక ఏడ్చాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు హీరోగారి పక్కింటావిడ వేషం వచ్చిందండి. రెండు మాటలున్నాయి. బొట్టు లేకుండా ఆ వేషం కుదరదు. వెళితే ఇంటికి రానంటున్నారాయన. నాకు వేషం కావాలండి, ఆయనా కావాలండి."

ఆ పిల్లకు ఏం కావాలో అంత స్పష్టంగా చెప్పింది. నేను మాత్రం ఒక్కటే విన్నాను: వీళ్ళు మావాళ్ళు. ఈ కేసు నాది. సరళ సెలవు నుంచి వచ్చేసరికి తేల్చి చూపించాలి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. చిన్నప్పుడు మా బడి నాటకంలో నాకు రాణి వేషం ఇచ్చారు. బొట్టు పెట్టాలన్నారని నాన్న మాన్పించారు. ఆ వేషం నా స్నేహితురాలికి వెళ్ళింది. ఆ పిల్ల నుదుటి మీద తిలకం చూసి మూడు రోజులు అన్నం తినలేదు నేను. నేను వదులుకున్నదాన్ని కళ ఎందుకు వదులుకోదు? ఇంత నీచమైన లెక్క కూడా మనసులో ఒక మూల ఉండే ఉంటుంది.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. శ్రీను చేతులు జోడించి "వందనాలు అమ్మగారూ" అన్నాడు. మా గుడివాళ్ళ ఆ పలకరింపుకే నా ప్రాణం లేచి వచ్చింది. బక్కపల్చటి మనిషి, లైట్లు మోసి మోసి ఒక భుజం కిందికి దిగింది.

"దేవుడు రోషం గలవాడు కదా అమ్మగారూ. నా భార్య నుదుట అది చూసేసరికి నాకూ రోషం వచ్చింది. రోషం ఉన్నోడెవడైనా ఊరుకుంటాడా చెప్పండి" అన్నాడు.

ఈ మాట దగ్గరే నేను బోల్తా పడ్డాను. మామూలు తెలుగులో రోషమంటే పౌరుషం, అవమానం ఓర్చుకోలేకపోవడం. మా గుడి తెలుగులో దానికి ఇంకో బరువుంది. తన జనాన్ని వేరెవరితోనూ పంచుకోని దేవుడికి ఉండేది రోషం. ఆ దేవుడి పక్షాన నిలబడ్డ భక్తుడిలో రగిలేదీ రోషమే. నేను పుట్టింది మొదలు ఆ మాటను ఈ రెండో అర్థంలోనే ఎక్కువ విన్నాను. ఒక లైట్‌మన్ నోట ఆ మాట వినేసరికి, దేవుడంటే ఎంత ఆసక్తి ఈ కుర్రాడికి అని కళ్ళు చెమర్చాయి.

"ఆయనది బొట్టు గొడవ కాదండీ..." అని కళ మొదలుపెట్టింది.

"ఒక్క నిమిషమమ్మా" అన్నాను. ఆ నిమిషం ఆమెకు మళ్ళీ ఇవ్వలేదు.

నేనే మాట్లాడాను. విశ్వాసి ఇల్లు ఎలా ఉండాలో చెప్పాను. పని కోసం దేవుణ్ణి పక్కన పెడతామా అన్నాను. నర్సు వేషం, ఆఫీసులో ఉద్యోగి వేషం, బొట్టు అవసరం లేనివి ఎన్ని లేవు అన్నాను. కళ ఈ వేషం వదులుకోవాలి, శ్రీను ఇల్లు వదిలి వెళ్ళకూడదు అని కాగితం రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాను. తరువాత ప్రార్థన చేశాను. శ్రీను వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమెన్ అని కళ్ళు తెరిచి చూస్తే, కళ కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి. తలుపు కేసి చూస్తోంది.

మొత్తం నలభై నిమిషాలు. రామ్మోహన్ గారు సమోసాలు తెప్పించారు.

నా కేసు

మూడు వారాలకు కళ మళ్ళీ వచ్చింది. నా గదిలో ఎవరూ లేరు. అయినా బెంచీ మీదే కూర్చుంది. సరళ తన గదిలో ఎవరితోనో ఉంది. వాళ్ళు వెళ్ళాక కళను చూసి, లోపలికి పిలవకుండా ముందు నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, గా పిల్ల మీ కేసు గదా. నేను కూసోవెట్టుకోవాల్నా?"

"అక్కర్లేదు. నా కేసు నేను చూసుకుంటాను" అన్నాను. నా గొంతులో ఉన్నది నాకే వినిపించింది. సరళ తన గదికి వెళ్ళిపోయింది. నాలుగు మాటలు అనుంటే బాగుండేది.

కళను పిలిచాను. వచ్చి కూర్చుంది.

"ఎలా ఉన్నారమ్మా?"

"బాగున్నామండి."

"వేషం వదిలేశావా?"

"వదిలేశానండి. వేరే అమ్మాయికి ఇచ్చారు."

"దేవుడు దీవిస్తాడు."

"అవునండి" అని లేచి వెళ్ళిపోయింది. మెట్లు దిగుతుంటే చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమెకు నాతో చెప్పవలసినది ఏమీ లేదని నాకు తెలుసు. ఉన్నదంతా రెండడుగుల అవతల, కుడి గదిలో చెప్పుకుందామని వచ్చింది. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. నా ఉద్యోగంలో నేను చేసిన అన్ని తప్పుల్లోకీ ఇది పెద్దది. మొదటిది తొందరపాటని సరిపెట్టుకోవచ్చు. ఇది మాత్రం తెలిసి చేసింది.

మరో వారానికి శ్రీను వచ్చాడు. గడ్డం పెరిగింది.

"కళ వెళ్ళిపోయిందండీ అమ్మగారూ. మధురానగర్‌లో వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంది. బొట్టు మానేసింది, వేషం మానేసింది. నర్సు డ్రస్సు వేసుకున్నా నేను గొడవ పెట్టుకున్నానండి. నాకు తగ్గట్లేదండి."

"ప్రార్థన చెయ్యి నాయనా."

"చేస్తూనే ఉన్నానండి. అయినా తగ్గట్లేదు."

ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని సాయం అడుగుతుంటే, నా సంచీలో ఉన్న ఒకే ఒక్క మందు అప్పటికే ఇచ్చేసి ఉన్నాను. రామ్మోహన్ గారు అటుగా వచ్చి చూసి, "మీరూ సరళమ్మా కలిసి కూర్చోండి మేడమ్, ఆమె గదిలో" అన్నారు. పుండు మీద కారం చల్లినట్టయింది. వెళ్ళాను.

సరళ కుర్చీ జరుపుతూ నా చెవిలో మెల్లగా చెప్పింది: "మీరుండుండ్రి మేడమ్. గని జర మాట్లాడకుండ్రి."

ఎమ్మెస్‌డబ్ల్యూ చదివిన దాన్ని. ఫైళ్ళు సర్దడానికి వచ్చిన మనిషి నాకు చెబుతోంది, మాట్లాడకండి అని.

ఏడు టేకులు

"పేరేంది తమ్మీ?"

"స్తెఫనండి."

"ఇంట్ల ఏమంటరు?"

"శ్రీను."

"చెప్పు శ్రీనూ."

నాకు చెప్పిందే పొల్లుపోకుండా చెప్పాడు. దేవుడు రోషం గలవాడు, నాకూ రోషం వచ్చింది. సరళ "ఊఁ" అంటూ వింది. అంతా అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"రోషమా? ఎవల మీద?"

నాకు నవ్వొచ్చింది. భక్తుడి రోషానికి ఎవరి మీద ఏమిటి? పాపం, ఈమెకు మా మాట అర్థం కాలేదనుకున్నాను. శ్రీను జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. కింద కుట్టుమిషను ఆగి ఆగి తిరుగుతోంది. నేను రెండుసార్లు ముందుకు వంగాను. రెండుసార్లూ సరళ బల్ల కింద నా మణికట్టు పట్టుకుంది. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఊపిరి బిగబట్టినట్టే ఉంది.

చివరికి అతనే చెప్పాడు, నేల చూపులు చూస్తూ.

"ఫిలింనగర్‌లో ఒక బంగళాలో పెళ్ళి సీను తీశారండి. నాది థర్మకోల్." తెల్లటి థర్మకోల్ షీటు పట్టుకుని లైటు వెలుగును మనిషి మొహం మీదికి కొట్టించడం అతని పని. "గుంపులో ఒక జంట ఉండాలన్నారు. భర్త భార్యకి బొట్టు పెట్టాలి. కళని కూర్చోబెట్టారు. వేరే ఒకతన్ని పక్కన కూర్చోబెట్టారు. కెమెరా దగ్గరికి వచ్చేసరికి కెమెరామన్ గారు, ఆవిడ ఫేసు డల్‌గా ఉంది, థర్మకోల్ ఇంకా దగ్గరికి తేరా అని అరిచారండి. వెళ్ళాను. ఇంత దూరంలో ఉన్నానండి, ఈ బల్లంత. వాడు కుంకంలో వేలు ముంచి కళ నుదుట పెట్టాడు. ఏడు టేకులండి. ప్రతిసారీ తుడవడం, మళ్ళీ వాడు పెట్టడం. నేను కదలకూడదు. నా చెయ్యి వణికితే ఆవిడ మొహం మీద వెలుగు వణుకుతుంది. ఏడో టేకు ఓకే అయ్యాక డైరెక్టరు గారు, జంట భలే కుదిరిందయ్యా అన్నారు. అందరూ నవ్వారు. కళ నవ్వింది. నేనూ నవ్వానండి."

"అటెన్క?"

"అప్పట్నుంచి దాని నుదుట బొట్టు చూస్తే వాడి వేలు కనిపిస్తోందండి."

"గీ ముచ్చట ఆమెకు చెప్పినవా?"

"ఎలా చెప్తానండి? పొద్దున లేస్తే సెట్లో అందరి పెళ్ళాల మొహాలకీ వెలుగు పట్టేవాణ్ణి. నా పెళ్ళాం దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చిందంటే నవ్వరా? దేవుడికి ఇష్టం లేదంటే ఎవరూ నవ్వరు కదండీ."

సరళ అతనికి మంచినీళ్ళ సీసా అందించింది. అతను తాగి, కళ్ళు తుడుచుకుని, అంతలోనే తల ఎత్తి అడిగాడు: "అయినా బొట్టు తప్పే కదండీ?"

ఆ క్షణంలో సరళ గెలిచింది. గెలిచి ఉండి, ఆ ప్రశ్నను నా వైపు తిప్పింది.

"గది నాకు తెల్వదు తమ్మీ. మీ దేవుని ముచ్చట మేడమ్‌కు ఎరుక. మేడమ్ చెప్తది."

అప్పుడు కూడా నాకు అసూయే కలిగింది. ఇంత పెద్ద మనసు కూడా ఈమెకే ఇవ్వాలా దేవుడా అనిపించింది. కానీ అడిగింది నన్ను కాబట్టి, ఆ ఏడు టేకులూ పూర్తిగా విన్నాను కాబట్టి, ఈసారి నోటికొచ్చింది చెప్పలేకపోయాను.

"శ్రీనూ" అన్నాను. ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి. "తప్పా కాదా అన్నది నువ్వూ నేనూ పాస్టరుగారూ కూర్చుని ఎన్నాళ్ళైనా మాట్లాడుకుందాం. నా నమ్మకం నాకుంది, దాచను. కానీ ఇప్పుడు నువ్వు చెప్పింది దేవుడి రోషం కాదు నాయనా, నీది. దాన్ని నేను ఆయన మీద వేసి కళ చేత సంతకం పెట్టించాను. ముందు వెళ్ళి ఆ అమ్మాయికి ఇది చెప్పు."

అతను తల ఊపాడు. లేచి వెళ్ళేటప్పుడు వందనాలు చెప్పడం మరిచిపోయాడు.

నా గదికి వచ్చి కూర్చున్నాను. కుడి గదిలో వాక్యం లేకుండా, ప్రార్థన లేకుండా కాపురాలు నిలబడుతున్నాయే అని ఇన్నేళ్ళూ నాలో రగిలినదాన్ని నేనూ రోషమనే పిలుచుకున్నాను. దేవుడి పని దేవుడి పద్ధతిలో జరగాలన్న తపన అనుకున్నాను. ఎవరి మీద అని నన్నెవరూ అడగలేదు. అడిగితే జవాబు ఒక్క మనిషి పేరే.

మీకు చెప్పదలచుకున్నది

భక్తిని గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి రమ్మని నేను చెప్పను. అది జరిగే పని కాదు. భక్తి లేనివాళ్ళు నాకంటే తొందరగా తీర్పులు చెప్పడం కూడా చూశాను. వాళ్ళకి దేవుడి బదులు ఇంకేదో ఉంటుంది, చట్టమో, చదువో, సొంత కాపురమో. ఏ విషయంలో మీకు జవాబు ముందే తెలుసనిపిస్తుందో, ఆ కేసు పక్క గదికి పంపండి. పక్క గదిలో మనిషంటే మీకు గిట్టకపోతే మరీ పంపండి. పంపలేని పరిస్థితి వస్తే, మణికట్టు పట్టుకునే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

వచ్చినవాళ్ళు దేవుడి పేరు ఎత్తినప్పుడు సంబరపడకండి, చిరాకు పడకండి. దేవుడి వెనక దాక్కోవడం మనుషులకు అలవాటు. అక్కడ ఉన్నంత భద్రం ఇంకెక్కడా ఉండదు. ఆయన్ని తిట్టక్కర్లేదు, పక్కకి జరపక్కర్లేదు. వెనక ఉన్న మనిషి తనంతట తాను బయటికి వచ్చేదాకా కూర్చోవాలి. నాకు అది చేతకాలేదు. రిటైరయ్యే నాటికి కొంచెం వచ్చింది.

రెండు మాటలు

శ్రీను మధురానగర్ వెళ్ళాడు. ఆ పిన్నిగారి ఇంటి డాబా మీద ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కళ వాళ్ళ కిరాయి గదికి తిరిగి వచ్చింది. ఇద్దర్నీ ఒకే సెట్లో వేయవద్దని సెట్లకు మనుషుల్ని పంపే కోఆర్డినేటర్ని శ్రీనే వెళ్ళి అడిగాడు. అతనికి బొట్టు ఇప్పటికీ ఇష్టం లేదు. ఆమె సెట్లో పెట్టుకుంటుంది, ప్యాకప్ కాగానే తుడిచేస్తుంది. దాని మీద ఇద్దరూ అప్పుడప్పుడు పోట్లాడుకుంటారు కూడా. కానీ ఇప్పుడు ఆ పోట్లాట వాళ్ళిద్దరిదే.

పక్కింటావిడ వేషం మాత్రం తిరిగి రాలేదు. నేనే ఆ సినిమావాళ్ళకు ఫోన్ చేసి బతిమాలాను. ఆ సీను వేరే అమ్మాయితో ఎప్పుడో తీసేశాం మేడమ్ అన్నారు. ఆరేళ్ళు నోరు మూసుకుని నడిచిన పిల్లకు దొరికిన రెండు మాటలను నలభై నిమిషాల్లో నేను లాక్కున్నాను. దానికి సమోసాలు తిన్నాను.

ఒకరోజు కళ కేంద్రానికి వచ్చింది. కేసు మూసేశామన్న కాగితం మీద సంతకం కావాలి, అది నా కేసే కాబట్టి నా గదికే రావాలి. సంతకం పెట్టాక, "ఆ రోజు నిన్ను మాట్లాడనివ్వలేదమ్మా, నాదే తప్పు" అన్నాను.

"అయిపోయింది కదండీ."

"ఆ రెండు మాటలూ ఏమిటమ్మా?"

ఆమె నా మొహంలోకి చూసింది. ఎందుకు అడుగుతున్నానో అర్థం కాలేదేమో. తరువాత చేతిసంచి కుర్చీలో పెట్టి లేచి నిలబడింది. చీర కొంగు నడుముకి దోపింది. నా గది తలుపునే పక్కింటి తలుపు అనుకుంది కాబోలు, అటు తిరిగి, ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు నవ్వింది.

"అయ్యో, తాళం వేసుకుని వెళ్ళారు బాబూ. ఎండలో ఎందుకు, వాళ్ళొచ్చేదాకా మా ఇంట్లో కూర్చోండి."

ఏమన్నా తప్పే అవుతుందనిపించింది. ఆమె మొహం వెలిగిపోతోంది. కొంగు దులుపుకుని, సంచీ తీసుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"సరళక్కకి కూడా ఒకసారి చెప్పొస్తానండి" అంది.

"వెళ్ళమ్మా" అన్నాను. గుండెలో చురుక్కుమంది.

గోడ అవతల నుంచి అంతా వినిపించింది. అక్కడ ఇంకా బాగా చెప్పింది.